అక్షరాల నీడ ఏ పక్క

అన్నయ్యకి, నేను కులాసా.

"ఆ మహానగరంలో కొట్ల బోర్డులు చూసి, అక్షరాలకి నీడ ఏ పక్క వేస్తారో రాయవే" అన్నావు. శని, ఆదివారాలు స్నేహితురాళ్లతో భూమి కింద రైళ్లలోనే తిరిగాను. వీధుల మొహమే చూడలేదు. హాస్టలుకి తిరిగొచ్చే బస్సు కిటికీలోంచి నిచ్చెన మీద ఒక పెయింటరు కనిపించాడు. నీలాగే కుంచె నోట కరుచుకుని, బొటనవేలితో రంగు తుడుస్తున్నాడు. "ఒక్క నిమిషం దిగుదామే" అన్నాను. "బస్సు నీకోసం ఆగుతుందా?" అని నవ్వారు. దిగలేకపోయాను.

అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? నా నల్ల స్వెట్టరు పంపించు, చలి ముదిరింది.

ఫ్లెక్సీల దెబ్బకి నువ్వు పెయింటింగ్ కొట్టు ఎత్తేస్తున్నావని వదిన రాసింది. రోజూ మన కొట్టు బోర్డు కిందనుంచే కాలేజీకి వెళ్లేదాన్ని, అయినా దాని మీద నీడ ఏ పక్కనుందో ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు.

చిన్నదానికి ముద్దులు. నేనొచ్చేదాకా బోర్డు దించకు.

నీ చెల్లి