నారాయణగూడ దగ్గర ఆగిన కారు

ఏమండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. చిక్కడపల్లి నుంచి రోజూ మీ కార్లో ఆఫీసుకు వచ్చిన ముగ్గురూ భోజనానికొచ్చారు. పెట్రోలు ఖర్చు పంచుకుందామని మీరే పోగుచేసుకున్నవాళ్లు. ఏడాదిగా వాళ్ల ఫోన్లు ఎత్తలేదు నేను. మీకు ఒంట్లో బాగాలేదని పక్కనే కూర్చున్నవాళ్లు కనిపెట్టలేకపోయారా అని కోపం.

విస్తరి ముందు కూర్చుని మహేశ్ కళ్లు తుడుచుకున్నాడు.

"నొప్పని అన్న మాకు చెప్పనే లేదక్కా. నారాయణగూడ మెట్రో కాడ బండి పక్కకు ఆపిండు. 'మీకు లేటవుతుంది, మెట్రోలో వెళ్లిపోండి' అన్నడు. గంతే, స్టీరింగ్ మీద వాలిపోయిండు."

ఇక వాళ్ల మీద కోపం నిలవలేదు. చివర్లో మీరు నా పేరేమైనా పలికారా అని అడగాలనిపించింది. అడగలేదు. అతని విస్తట్లో ఇంకొంచెం పప్పు వేసి వంటింట్లోకి వెళ్లిపోయాను.