కన్నాలున్న టైర్లు

చెల్లెమ్మా, మా చిన్నమ్మాయి నవ్విందే! పగలబడి నవ్వింది!

బస్సు ప్రమాదం అయినప్పటి నుంచి నాలుగు నెలలుగా గోడవైపు తిరిగి పడుకున్న పిల్ల అది. తను ముచ్చటపడి ఆడించుకునే రిమోట్ ట్రక్కుకి టైర్లు అరిగిపోయి ఉంటే, చక్రాలతో సహా కొత్తవి నేనే కొనుక్కొచ్చాను. తీరా చూస్తే ఒక్కో టైరుకీ సూదిమొనంత కన్నం! కొట్టువాణ్ణి తిట్టుకుంటూ, నలభై ఏళ్లు పంక్చర్లేసిన చెయ్యి కదా, నాలుగింటికీ జిగురు రాసి ప్యాచ్‌లు వేసేశాను. నేలమీద వదిలితే ట్రక్కు బంతిలా ఎగిరెగిరి మంచంకోడుకి గుద్దుకుంది.

"నాన్నా! వీటి లోపల ఉండేది స్పాంజి. గాలి బయటికి పోవడానికే ఆ కన్నాలు పెట్టారు. కన్నం కనపడితే చాలు, నీ చెయ్యి ఊరుకోదు కదా!" అని నవ్వుతూ నవ్వుతూ లేచి కూర్చుంది. ప్యాచ్‌లన్నీ తనే గోటితో పీకింది. "ఇవి ఇసుకలో దిగబడతాయి, వెడల్పువి కావాలి. రేపు కొట్టుకి నేనూ వస్తాను. నువ్వు మాత్రం ఏమీ ఎంపిక చెయ్యకు" అంది. రేపు గుమ్మం దాటుతుందే తల్లీ!

అక్కయ్యకి చెప్పు. మేనత్తకి గట్టిగా అరిచి చెప్పు, ఆవిడకి వినపడదు. చిన్నాన్న పిల్లలందరికీ చెప్పు. మీ ఆయనకి తెలిస్తే ఈ పంక్చర్ సంగతి పట్టుకుని ఏడాదంతా నన్ను ఏడిపిస్తాడు. ఏడిపించనీ. ముందు ఆయనకే చెప్పు.