ఇంటర్‌కూలర్‌లో పసుపు

షార్జా

అన్నయ్యకు, వదినకు సత్యం దణ్ణాలు పెట్టి రాస్తున్న ఉత్తరం. నేనిక్కడ కులాసాగానే ఉన్నాను, మీరూ అలాగే ఉన్నారనుకుంటున్నాను. వదిన మోకాళ్ల నొప్పి తగ్గిందా? పాప ఏడవకుండా బడికి వెళుతోందా? చేతిలో ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోనులో నేను రెండు ముక్కలు చెప్పేసరికి నువ్వు నాలుగు తిడతావు. ఈసారి మొత్తం వినాలి.

ఇక్కడ ఎండలు ఇంకా తగ్గలేదు. పొద్దున్న పది గంటలకే బానెట్ మీద చెయ్యి వెయ్యలేం. షెడ్డులో ఫ్యాన్లు ఉన్నాయి కానీ అవి తిప్పేది వేడిగాలినే. తిండికి మాత్రం లోటు లేదు, బెంగ పెట్టుకోకు. రూములో నేనూ సింహాచలమూ వంతులు వేసుకుని వండుకుంటాం. ఇతనిది మన ఎచ్చెర్ల దగ్గర, నాతోపాటే పని. ఇంత దూరంలో "ఏటి బావా, తిన్నావా?" అని అడిగే మనిషి ఒకడున్నాడంటే ఎంత ధైర్యమో నీకు చెప్పలేను. అతను ఇక్కడికి వచ్చాక కూతురు పుట్టింది. ఏడాది నిండబోతోంది, ఇంకా ఒక్కసారైనా ఎత్తుకోలేదు. మొదటి పుట్టినరోజుకి వెళ్లడానికి ఎప్పుడో లీవు అడిగి పెట్టుకున్నాడు.

ఇక అసలు సంగతి. నెల కిందట మా షెడ్డుకి ఒక కారు వచ్చింది. రెండే తలుపులు, తొక్కితే గుండె జారిపోయేంత వేగం. దాని ఇంజను మీద సూపర్‌ఛార్జర్ ఉంటుంది. మన లారీల్లో టర్బో చేసే పనే అది, ఇంజనులోకి గాలిని కుక్కుతుంది. టర్బోని పొగ తిప్పితే దీన్ని బెల్టు తిప్పుతుంది, అంతే తేడా. సైకిలుకి గాలి కొట్టినప్పుడు పంపు వేడెక్కదూ? అలాగే కుక్కిన గాలి కూడా వేడెక్కుతుంది. దాన్ని చల్లార్చేది ఇంటర్‌కూలర్. ఈ కారులో ఆ పని నీళ్లు చేస్తాయి. సూపర్‌ఛార్జర్ కింద సన్నటి దారుల్లో నీళ్లు పారతాయి, చిన్న కరెంటు పంపు వాటిని ముందున్న రేడియేటర్‌కి తిప్పి తెస్తుంది. ఇక్కడి ఎండకి అది చాలడం లేదు. గట్టిగా రెండుసార్లు తొక్కేసరికి గాలి వేడెక్కి, కంప్యూటరు ఇంజను బలాన్ని తగ్గించేస్తోంది. పెద్ద రేడియేటర్, పెద్ద నీళ్ల ట్యాంకు, బలమైన పంపు పెట్టమన్నాడు కారు ఆసామి. రేడియేటర్, ట్యాంకు నా వంతు. పంపు, దాని వైరింగు సింహాచలం వంతు.

అన్నీ బిగించి నీళ్లు నింపితే, కొత్త రేడియేటర్ మూల అతుకు దగ్గర చెమ్మ కనిపించింది. వేరేది తెప్పించాలంటే రెండు వారాలు పడుతుంది. ఆసామి మర్నాడే వస్తానన్నాడు. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. గరివిడిలో మన షెడ్డుకి ఏ లారీ కారుతూ వచ్చినా నువ్వనేదే. "ఒరే సత్తిగా, రేడియేటరుకి పసుపే మందురా. గుప్పెడెయ్యి. గంటలో కారడం ఆగిపోతాది, సూడు." రూముకి వెళ్లి పసుపు డబ్బా తెచ్చి, రెండు చెంచాలు ట్యాంకులో వేశాను. ఎవరికీ చెప్పలేదు. గంట తిరక్కుండా అతుకు ఆరిపోయింది. మన విద్య షార్జాలో కూడా పనిచేసిందని పొంగిపోయాను.

మర్నాడు టెస్టుకి తీసుకెళ్లాం. మొదటిసారి బాగానే ఉంది. మూడోసారికి గాలి ఇదివరకటి కంటే ఎక్కువ వేడెక్కింది. తిరిగొచ్చి ట్యాంకు మూత తీసి చూశాను. తిరిగొచ్చే నీళ్లు వేలంత ధారగా పడాలి, దారప్పోగులా పడుతున్నాయి. అంతా అక్కడే అర్థమైపోయింది. మన లారీ రేడియేటర్ గొట్టాలు వెడల్పు, పసుపు చిల్లు దగ్గర పట్టుకుని ఊరుకుంటుంది. ఇంటర్‌కూలర్‌లో దారులు అంతకంటే చాలా సన్నం. వాటిలో పేరుకుపోయింది.

ఇంతలో అర్బాబు వచ్చాడు. యజమానిని ఇక్కడ అలా అంటారు. పంపు సరిగా బిగించలేదని సింహాచలం మీద విరుచుకుపడ్డాడు. పని తేలేదాకా లీవు లేదన్నాడు. సింహాచలం నా వైపు తిరిగి, "సెప్పు బావా, నాను సరిగ్గానే బిగించినాను గదా? నువ్వు సూసినావు గదా?" అన్నాడు. నేను తల వంచుకుని, బిగిసి ఉన్న నట్టునే మళ్లీ బిగించాను. రాయడానికే సిగ్గుగా ఉంది అన్నయ్యా.

రెండు రోజులు అతను ఆ పంపుని విప్పాడు, బిగించాడు, వైర్లు మార్చాడు. లేని తప్పు ఎక్కడ దొరుకుతుంది? రెండో రోజు మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని భార్యకి ఫోను చేశాడు. "నాను రానేమోనే. పాపకి గౌను కొనీసినాను. ఎవులిసేతైనా అంపుతాను, ఆ రోజుకి తొడుగు" అన్నాడు. నేను కంచం వదిలేసి లేచాను. చెయ్యి కడుక్కుని తిన్నగా అర్బాబు గదిలోకి వెళ్లాను.

నాకొచ్చిన హిందీలో జరిగిందంతా చెప్పాను. కూరలో వేసుకునే పసుపా అని మూడుసార్లు అడిగాడు. సింహాచలాన్ని సామాన్లకి బయటికి పంపించి, నా చేత ఇంటర్‌కూలర్ విప్పించాడు. లోపలంతా పచ్చటి బురద. చాలాసేపు అరిచాడు, పడ్డాను. చివరికి పంపు తప్పు కాదు కాబట్టి సింహాచలం లీవు అతనికి ఉంటుందని, నా లీవు మాత్రం వచ్చే ఏడాదికని తేల్చాడు. బయటికి పొక్కితే షెడ్డు పరువు పోతుందని, ఈ మాట ఎవరితోనూ అనవద్దన్నాడు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు హాయిగానే అనిపించింది.

కాబట్టి ఈసారి సిరిమాను ఉత్సవానికి నేను రాలేను. వదినకి నువ్వే నచ్చచెప్పు.

కారు మాత్రం బాగుపడింది. వేడినీళ్లు ఎదురు వైపు నుంచి కొట్టి, తెల్లటి నీళ్లు వచ్చేదాకా కడిగాను. సెలవురోజులు రెండూ దానికే సరిపోయాయి. రేడియేటర్ కొత్తది తెప్పించారు. గొట్టాల్లో గాలి లేకుండా నీళ్లు నింపి తీసుకెళితే, మిట్టమధ్యాహ్నం ఐదుసార్లు వరసగా తొక్కినా బలం తగ్గలేదు. నువ్వు పక్క సీట్లో ఉంటే బాగుండేదనిపించింది. నువ్వు నేర్పినది తప్పని అనుకోకు. ఎక్కడ వేస్తున్నానో చూసుకోనిది నేను.

వీలైతే చోడిపిండి కొంచెం పంపండి, పొద్దున్నపూట అంబలి మీదికి మనసు పోతోంది. పెద్దమ్మకి నా దణ్ణాలు, పాపకి ముద్దులు. మీ ఇద్దరి దీవెనా నాకు ఉండాలి.

ఇంకొక్క పని చేసిపెట్టు. ఈ కవరు నీ చేతికిచ్చిన మనిషే సింహాచలం. నేను అర్బాబుని బతిమాలి లీవు ఇప్పించానని అనుకుంటున్నాడు. నిన్న రాత్రి పెట్టె సర్దుకుంటూ ఆగి, నా రెండు చేతులూ పట్టుకుని, "ఈ మేలు మర్సిపోను బావా" అన్నాడు. నిజం చెప్పకుండా, అతని పెట్టెకి తాడు బిగించాను. ఇప్పుడు వదిన ఇచ్చిన టీ తాగుతూ నీ ఎదురుగా కూర్చుని ఉంటాడు. పంపెయ్యకు. ఇంతవరకు నువ్వు మనసులో చదువుకున్నావు. ఇప్పుడు మొదటినుంచి పైకి చదువు, అతను వినేలాగ.

ఇట్లు
నీ తమ్ముడు
సత్యం