ఆ పన్నెండు సెకన్లు

ఎలక్ట్రానిక్ సిటీ,
ఆదివారం.

మునిలక్ష్మక్కకు,

ఫోన్ చేస్తే "పోనీలేమ్మా" అని మాట తప్పించేస్తావు. అందుకే కాగితం పట్టుకున్నాను. చివరిదాకా చదువు, ఆ తర్వాత ఎంతైనా తిట్టు.

నిరుడు మన తెలుగు పదాల పోటీ ఫైనల్లో నువ్వు శ్రీను చేతిలో ఓడిపోలేదక్కా. నిన్ను ఓడించింది నేను. అతను చివరి అక్షరాల బిళ్లలు బోర్డు మీద పెట్టేసరికి అతని సమయం అయిపోయి పన్నెండు సెకన్లు దాటింది. సమయం దాటితే ఆట పోయినట్టే. సమయం చూసే పని నాదే, గడియారం నా ముందే ఉంది, "టైమ్" అని ఒక్క మాట అంటే చాలు. తలెత్తితే ఎదురుగా ఓంకార్ గారు. హాలు ఆయనది, కప్పు ఆయనది, భోజనాలు ఆయనవి, ఆడుతున్నది ఆయన అల్లుడు. ఈయనకు కోపమొస్తే వచ్చే ఏడు పోటీయే ఉండదని భయపడి నోరు కుట్టేసుకున్నాను. ఛీ, అదీ ఒక బతుకేనా! నువ్వేమో చందాపుర బస్సుకు వేళైందని నవ్వుతూ వెళ్ళిపోయావు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

మొన్న ఆయన దగ్గరికి వెళ్ళి, ఈసారి మీ డబ్బు వద్దండీ అన్నాను. "నేను లేకుండా పోటీ పెడతావా? బిళ్లలు కొనడానికైనా దిక్కుందా?" అని నవ్వాడు. నవ్వనీ. అందరికీ ఒకటే ఫీజు, ఎవరి క్యారియర్ వాళ్ళే తెచ్చుకోవాలి. సెలవురోజున ఒక గది ఇస్తామని ఇక్కడి బడివాళ్ళు అన్నారు. బిళ్లలు అట్టముక్కలతో నేనే కోస్తున్నాను. పోటీ నడిపేవాళ్ళు గడియారం ముట్టుకోకూడదు, ఒక ఆట ఓడినవాళ్ళు తర్వాతి ఆటలో గడియారానికి కాపలా కూర్చుంటారు. పదిమందే వచ్చినా సరే, జరిపి తీరతాను. ముందుగా అందరి ఎదుటా నా తప్పు చెప్పి, ఆ కప్పు నీదని ప్రకటిస్తాను.

నీ చెల్లెలిలాంటి,
నళిని.

చందాపుర,
గురువారం.

నళినీ,

చదివినాను. తిట్టేదానికి నాకు నోరేడుండాది? ఆ గడియారం నేనూ చూసినాను. పన్నెండు కాదు, పదిహేను ఉండె. నిరుడు నా ఫీజు కట్టింది ఆ ఓంకార్ సారే, "కంపెనీలో కూలి చేసే ఆడమనిషి, పాపం" అని. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేదెట్లా అని గమ్మునుండిపోతిని. నువ్వు భయానికి, నేను మొహమాటానికి. ఇద్దరం కలిసే ఆటను అమ్మేస్తిమి. నాకు ఆ కప్పు వద్దు. నువ్వు చెప్పేటప్పుడు నీ పక్కన నేనూ నిలబడతాను.

దీంతో ఫీజు పంపిస్తా ఉండాను. రెండు శనివారాలు ఓటీ చేసిన దుడ్లు. శ్రీనును కూడా రమ్మను, మొదటి ఆట నాకూ వానికే వెయ్యి. ఈసారి ఫీజు నాది. గడియారం దగ్గర ఎవరైనా కూర్చోనీ, ఒక్క సెకను దాటితే అరిచేది నేను.

మీ అక్క,
మునిలక్ష్మి.