రెండో చెంచా

1961 ఏప్రిల్ 9, ఆదివారం
చర్చి నుంచి రాగానే కొట్టు తెరిచాం. మా ఆయన పెళ్లికి ముందు పటాలంతో కొరియా వెళ్లినప్పుడు తిన్న ఐసు మిఠాయి అట — ఇప్పుడు విడవలూరు జనానికి పెడతారట. బోర్లించిన వడ్రంగి చిత్రిక మీద ఐసు గడ్డ రుద్దితే దూదిలా రాలింది. పైన బెల్లంలో ఉడికిన అలసందలు, డబ్బా పాలు. ఐసులో అలసందలేమిటని నవ్వాను. తిన్నాక నోరు మూసుకున్నాను. ఇంత బాగుంటుందనుకోలేదు.

ఏప్రిల్ 12
రోజూ ఒక గిన్నె లాగిస్తున్నాను. ఇవాళ కలపబోతే చెయ్యి పట్టుకున్నారు. "కలపబాకు. అంచు నుంచి తీసుకుంటా రావాల." ఎవరు నేర్పారంటే — "అక్కడ అంతే."
ఎవరో నేర్పే ఉంటారు.

ఏప్రిల్ 15
మండే ఎండ. బేరం లేదు. ఒక గిన్నె చేసి ఇద్దరికీ మధ్యలో పెట్టారు. రెండు చెంచాలు — ఒకటి నా వైపు, ఒకటి తన వైపు.
కన్నతల్లి తాగిన లోటా కడగందే ముట్టని మనిషి. పెళ్లయి ఆరేళ్లు... నా ఎంగిలి ఒక్క మెతుకు తిని ఎరగరు. నా చూపు గమనించి చటుక్కున రెండో చెంచా తీసేశారు. "ఏదో పరాకు" అన్నారు.
పరాకులో కూడా చెయ్యి అలా పోయిందంటే, ఎన్నిసార్లు అలవాటై ఉండాలి?

ఏప్రిల్ 16
ప్రార్థన మీద మనసు నిలవలేదు.

ఏప్రిల్ 18
కొరియా నుంచి ఉత్తరాల్లో ఏం రాసేవారని అత్తను అడిగాను. "చలి అని రాసినాడు. ఇంకేం రాయలా. ఎందుకే?" ఊరికే అన్నాను.
ఐసు తినడం మాత్రం మానలేదు. సిగ్గులేని నాలుక.

ఏప్రిల్ 21
అడిగేశాను — ఒకే గిన్నెలో ఎవరితో తిన్నారని. చిత్రిక తుడుస్తూనే ఉన్నారు. తలెత్తకుండానే చెప్పారు —
"ఆస్పత్రి డేరాలో ఒక ముసిలాయన. రెండు చేతులూ పోయినాయి. నేనే తినిపించేవాణ్ణి."
ఏడుపు ఆగలేదు. ఎంత పాపం ఊహించాను. క్షమించమన్నాను. "ఊరుకో రూతూ" అన్నారు.

ఏప్రిల్ 22
ఇవాళ నేనే మధ్యలో గిన్నె పెట్టాను. ఆయన కాదనలేదు. తన వైపు నుంచి సరిగ్గా సగం దాకా తిని ఆగారు. అడుగున మిగిలిన అలసందలు నా వైపు తోశారు — చూడకుండానే. నాకు ఎంత సంతోషమైందో.
గిన్నె కడుగుతుంటే తట్టింది. చేతుల్లేని ముసలాయన వైపు రెండో చెంచా ఎందుకు?
అడగొచ్చు. ఈసారి నిజం చెప్తారేమోనని భయం.