సెల్ఫ్ తీసుకోని మన పికప్

నాయనా,

ఎలా ఉన్నావు? నువ్వు పోయి ఏడాది కావస్తోంది. మేము బాగానే ఉన్నాం. వాన సంగతి మాత్రం అడగొద్దు... పెన్నలో ఇసుక తప్ప ఏమీ లేదు. మన బోరు శివరాత్రి దాటగానే గాలి కొట్టడం మొదలుపెట్టింది.

ఈ ఉత్తరం నీ పికప్ గురించే రాస్తున్నాను. చివరిదాకా చదువు, మధ్యలో తిట్టకు.

నువ్వు నాటిన చీనీ మొక్కలకు పామిడి రోడ్డు బోరు నుంచి డ్రమ్ముల్లో నీళ్లు తోలుతున్నాను. ఆడపిల్లకు స్టీరింగ్ ఎందుకని నీతో వాదించినవాళ్లే ఇప్పుడు పక్కకు జరిగి దారిస్తున్నారు. అంతా బాగుందనుకుంటే, ఒకరోజు పొద్దున తాళం తిప్పి డాష్‌బోర్డు మీది సెల్ఫ్ బటన్ నొక్కాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. టక్కుమనే చప్పుడు కూడా రాలేదు.

కొన్నాళ్లు తోయించి స్టార్ట్ చేశాను. రోజూ తోసేవాళ్లు ఎవరు దొరుకుతారు చెప్పు? మొక్కల ఆకులు ముడుచుకోవడం మొదలైంది. చిన్నాయన వచ్చి చూసి, పాత ఇనుము కొనే గుజిరీ అతన్ని సోమవారం రమ్మన్నానని చెప్పాడు. "ఇనుమన్నా మిగులుతాది. మొక్కలు యాడికి పోతాయిలే" అన్నాడు. యాడికీ పోవు, నిలబడిన చోటే ఎండుతాయి... అనుకున్నాను.

అమ్మ ఏమందో తెలుసా? నిన్ను తలుచుకుని, "ఆయప్ప చేయి పడకుంటే అది లేయదులే" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆదివారం పొద్దున నీ పనిముట్ల సంచి విప్పాను. బండి ఆగినప్పుడల్లా నువ్వు అనే మాటే చెవిలో ఉంది. "కరెంటూ నీళ్ల మాదిరే పాపా. కాలవ యాడ తెగిందో నడిసి పోయి చూడల్ల. గట్టు మింద నిలబడి తిట్టుకుంటాంటే పారుతాదా?"

సరే, నడుచుకుంటూ పోయాను. గేరు న్యూట్రల్‌లో ఉంది, చక్రానికి రాయి పెట్టాను... నువ్వు ముందు అడిగేది అదే కదా. లైట్లు వేస్తే బాగా వెలిగాయి. అంటే బ్యాటరీ బాగుంది. బటన్‌తో పని లేకుండా, బ్యాటరీ నుంచి ఒక వైరు నేరుగా సెల్ఫ్ మోటారు మీది సోలనాయిడ్ స్విచ్చుకు తాకించాను. మోటారు గిర్రున తిరిగింది. అదీ బాగుంది.

ఇక మిగిలింది బటన్ దగ్గరి దారి. బల్బుకు రెండు వైర్లు అతికించి నువ్వు చేసుకున్న టెస్టర్ ఇంకా పనిచేస్తోంది. ఒక కొస బాడీకి తగిలించి, రెండోది బటన్‌లోకి వచ్చే వైరుకు ఆనించాను. వెలిగింది. బటన్ నొక్కిపట్టి, బయటికి పోయే వైపు ఆనించాను. వెలగలేదు.

బ్యాటరీ వైరు తీసేసి, బటన్ ఊడదీసి విప్పాను. లోపల ఎర్రగా ఏదో అట్టకట్టి ఉంది. రాగి బిళ్లలకు చిలుము పట్టింది. తుప్పేమో అనుకుని గోటితో గీరి చూశాను.

కుంకుమ, నాయనా.

ఆయుధపూజ రోజు స్టీరింగ్ కంటే ముందు నువ్వు ఆ బటన్‌కే బొట్టు పెట్టేవాడివి. "ముందు పలికేది ఇదే గదా" అనేవాడివి. నీది ఏడాదికి ఒక్క బొట్టు. నువ్వు పోయాక అమ్మ ప్రతి శుక్రవారం తలకు పోసుకుని, కుంకుమ నీళ్లతో తడిపి దానికి పెడుతోంది. నేను చూస్తూనే ఉన్నాను. ఆ తడి వారం వారం లోపలికి దిగుతుందని నాకు తట్టనే లేదు.

ఇప్పుడు చెప్పు, ఏం చేయాలి? తన నుదుట పెట్టుకోకూడదన్నారు. భరిణె మాత్రం దేవుడి గూట్లోనే ఉంది. ఆమె బొట్టు పెట్టేది ఇప్పుడు ఆ ఒక్కదానికే. అది కూడా మానుకో అని ఏ నోటితో చెప్పను? బటన్ చేతిలో పెట్టుకుని బండిలోనే కూర్చుని ఏడ్చాను.

దాన్ని గరుకు కాగితంతో రుద్ది బాగుచేయవచ్చు. కానీ మళ్లీ శుక్రవారం వస్తుంది కదా... అందుకే పామిడి వెళ్లి కొత్త బటన్ తెచ్చాను. డాష్‌బోర్డు కింద, మోకాలి దగ్గర రేకుకు రంధ్రం చేసి బిగించాను. రెండు వైర్లూ దానికి ఇచ్చాను. పాతదాన్ని తుడిచి, మళ్లీ దాని చోటే కూర్చోబెట్టాను. వెనకాల వైరు లేదు, ఏమీ లేదు. బ్యాటరీ వైరు కలిపి కిందది నొక్కితే బండి మొదటి దెబ్బకే లేచింది. వైరు తెగి ఉండిందని అమ్మకు చెప్పాను.

గుజిరీ అతను సోమవారం రానే వచ్చాడు. మజ్జిగ తాగి పోయాడు.

నిన్న శుక్రవారం. నేను డ్రమ్ములు ఎక్కిస్తుంటే అమ్మ భరిణె పట్టుకుని వచ్చింది. పై బటన్‌కు గుండ్రంగా బొట్టు పెట్టింది. తర్వాత వంగి, కింద కొత్త బటన్‌ను చాలాసేపు చూసింది. ఆమె వేలి తడిని కొంగుకు తుడుచుకుని, నా పక్క సీట్లో ఎక్కి కూర్చుంది. నువ్వు పోయాక ఆ బండి ఎక్కడం అదే మొదలు.

"కింద దానికి పెట్టనులే. పోదాం పా, మొక్కలు ఎండుతాండాయి" అంది.

ఆమెకు ఎప్పుడు తెలిసిందో నేను అడగలేదు. నీకేమైనా చెప్పిందా?

తోటలో మొక్కలన్నింటికీ తనే చెంబుతో నీళ్లు పోసింది.

ఈ బండి నా చేతిలో ఉన్నంతకాలం ఆ పై బటన్ పీకను నాయనా. ఎవరు నవ్వినా పీకను.

నీ పాప