నలభై దగ్గర ఆపిన తేమ

ప్రియమైన లవోన్‌కి,

ఇక్కడ నేను కులాసా. మంచు తవ్వి తవ్వి నడుం పట్టేసింది గానీ, మిన్నెసోటాలో ఫిబ్రవరి అంటే అంతే కదా. అరిజోనా ఎండలో, మీ అక్క మార్లిస్ ఇంట్లో నీకు దగ్గు తగ్గిందనీ, ఆగకుండా మెట్లెక్కుతున్నావనీ రాశావు. మొదటిసారి చదివి సంతోషించాను. రెండోసారి చదివితే ఆ సంతోషం నిలవలేదు.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. కారు ఇంజను గడ్డకట్టకుండా రోజూ దాని హీటరుకి కరెంటు ప్లగ్గు పెడుతున్నాను. చర్చి ఆడవాళ్ళు ఓవెన్‌లో వండి తెచ్చిన హాట్‌డిష్‌లతో ఫ్రీజరు నిండిపోయింది. తిండికి లోటు లేదు, తప్పించుకోవడమే కష్టంగా ఉంది. నీ కాక్టస్ పూసింది, నేను పట్టించుకోకపోవడమే దానికి కలిసొచ్చినట్టుంది.

ఇక అసలు ప్రశ్న. ‘మార్చిలో వచ్చేయనా? నీ యంత్రం గాలి బాగానే ఉంచుతోందా?’ అని అడిగావు. ఫోనులో చెబుదామని మూడుసార్లు మొదలుపెట్టాను. నువ్వు ఊపిరి తీసుకోవడం వినబడుతుంటే నోరు పెగల్లేదు. అందుకే కాగితం తీశాను.

రెండేళ్ళ కిందట ఇల్లు వేడిచేసే ఫర్నేసుకి, గాలిలో తేమ పెంచే హ్యూమిడిఫయర్ తగిలించి, గదికొక తేమ కొలిచే బిళ్ళ అంటించి, అంతా ఫోనుకి కలిపాను గుర్తుందా? ‘పెళ్ళినాడు నన్ను కూడా ఇంతసేపు చూడలేదు’ అని నువ్వు వెక్కిరించావు. బయట చలి ఎంతుందో అదే చూసుకునేది, చలి ముదిరేకొద్దీ ఇంట్లో తేమ తగ్గించేది. అలా తగ్గించకపోతే తేమగాలి గదుల కప్పు పైనున్న అటకలోకి ఎగబాకి చల్లటి చెక్కల మీద గడ్డకడుతుంది. ముప్పయ్యేళ్ళు ఫర్నేసులు బిగించినవాణ్ణి, ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఈ పాఠం చెప్పాను.

ఆ డిసెంబరులో చలి సున్నాకి ఇరవై కిందకి పోయింది. యంత్రం చెప్పినట్టే తేమ తగ్గించింది. నీ గొంతు ఎండిపోయి, దగ్గి దగ్గి సోఫాలో ఒరిగిపోయావు. చూడలేక నేలమాళిగలోకి వెళ్ళి, చలిని బట్టి తగ్గించే ఆ ఏర్పాటు తీసేసి, తేమ నలభై శాతం దగ్గర ఆపేశాను. వారానికే నీ గొంతు తేలికపడింది. ‘నా మొగుడు గాలిని కూడా బాగుచేస్తాడు’ అని మార్లిస్‌కి గొప్పగా చెప్పావు. ఆ మాట విన్నాక మళ్ళీ మార్చడానికి నాకు చెయ్యి రాలేదు.

కిటికీ అద్దాల మీంచి నీళ్ళు కారేవి. నువ్వు లేవకముందే తుడిచేసేవాణ్ణి. వసంతంలో మన పడగ్గది కప్పు మీద మరక తేలితే, పాత కారుడు మరకని చెప్పి సున్నం రంగు వేశాను. అది అటకలో మంచు కరిగి దిగిన నీళ్ళని నాకు తెలుసు. ఎండాకాలానికి ఆరిపోతుందిలే అనుకున్నాను. ఆ ఎండాకాలమే నీ దగ్గు మళ్ళీ మొదలై ఈసారి ఛాతీలోకి దిగింది.

పోయినవారం రోజర్‌ని పిలిచి అటక తెరిపించాను. నాతో ఇరవయ్యేళ్ళు పనిచేసినవాడు కదా, దాచడానికేం లేదు. టార్చి వేసి చూసి కిందకి దిగాడు.

“ఏంరా లైల్, ఊరంతటికీ పాఠాలు చెప్పి నీ ఇంట్లో నలభై పెట్టుకున్నావా?”

“లవోన్‌కి దగ్గొస్తోందని...”

“మరి తగ్గిందా?”

నేను నిచ్చెన మడిచాను. వాడు టోపీ తీసి దుమ్ము దులిపాడు.

“సరిగ్గా మీ మంచానికి పైనే ఉందిరా. చెక్కలన్నీ నల్లగా బూజు. కప్పులో బిగించిన ఆ దీపం చుట్టూ ఉన్న సందులోంచి గదిలోకే రాలుతోంది. ఆమెకి చెప్పావా?”

“లేదు.”

“చెప్పరా బాబూ. నాకు చెప్పి ఏం లాభం?”

హ్యూమిడిఫయర్ నీళ్ళు కట్టేశాను. అటక మొత్తం పీకి బాగుచేసేసరికి వేసవి అవుతుంది. అందుకని మార్చిలో రావద్దు.

ఇదంతా తెలివితక్కువ అనుకుని నువ్వు క్షమించగలవేమో. మిగిలింది మాత్రం తెలివితక్కువ కాదు. పోయిన సెప్టెంబరులో ఇక్కడి డాక్టరు ‘ఇంట్లో తేమ, బూజు లాంటివేమైనా ఉన్నాయా?’ అని అడిగాడు. నువ్వు నా వైపు చూశావు, ఇంటి సంగతి నాకే తెలుసని. ‘మా ఇంట్లోనా? లేదండీ’ అన్నాను. ఫర్నేసులవాడి ఇంట్లో బూజంటే తలకొట్టేసినట్టుంటుందని అబద్ధమాడాను. నా మాట నమ్మి ఆయన ఆ దారి వదిలేశాడు. అప్పట్నుంచి నువ్వు ‘మా అమ్మ ఊపిరితిత్తులే నాకొచ్చాయి’ అంటుంటే, పక్కన కూర్చుని తల ఊపాను. మీ అమ్మకి దీంతో ఏ సంబంధమూ లేదు లవోన్. ఇది నేను చేసింది.

ఈ ఉత్తరం రేపే అక్కడి డాక్టరుకి చూపించు. బూజని స్పష్టంగా చెప్పు, ఆయన మందులు మార్చాలేమో. సిగ్గుపడి దాచకు, సిగ్గుపడాల్సింది నేను. నా మీద కోప్పడటం తర్వాత. దానికి సరిపడా ఊపిరి నీకు తిరిగొచ్చాక కోప్పడు, ఎంతసేపైనా వింటాను.

ఇట్లు,
నలభై మూడేళ్ళుగా నీ భర్త,
లైల్